విద్య దానమా? ఋణమా?

విద్యాదానము దానములన్నిటిలో ఉత్తమమైనదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. అన్నము పెట్టినచో ఒక పూట ఆకలి తీరును. వస్త్ర మిచ్చినచో ఒక యేడు గడచును. విద్య గరపినచో ఒక జీవితము నిలుచును. ఈ మాటయందు సత్యము లేకపోలేదు. కాని దానమను పదములో ఒక చిక్కు కలదు. దాత యున్నచోట గ్రహీత యుండును. ఇచ్చువాని చేయి పైనను, పుచ్చుకొనువాని చేయి క్రిందను ఉండును. దాతకు దయ కలిగినప్పుడే దానము; దయ కలుగనినాడు అతడు తలుపు మూసికొనినను తప్పు పట్టువారుండరు.

ఋణము సంగతి వేఱు. ఋణము తీర్చువాడు దయ చూపుట లేదు. తన మీది భారమును దించుకొనుచున్నాడు. తీసికొనువాడు తల వంచనక్కరలేదు. తనకు రావలసినదానిని అడుగుచున్నాడు. ఉన్నత విద్య ఈ రెంటిలో ఏ కోవకు చెందును? ప్రశ్న పాతదే. అయినను ఒక పాఠమును లక్షమందికి పంపుటకు అదనపు వ్యయము దాదాపు లేని కాలము వచ్చినది. కాబట్టి ఆ ప్రశ్నను మఱల విచారింపవలసియున్నది.

దీనిని గాలిలో నిలిపి చర్చించుటకంటె ఒక ఊరియందు నిలిపి చర్చించుట మేలు. మంచిర్యాల ప్రక్కన నస్పూరు కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లానుండి 2016లో మంచిర్యాల జిల్లా వేరుపడినది. నస్పూరు 2018లో పురపాలకసంఘమై, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయినది. జిల్లా కలెక్టరు కార్యాలయము ఇప్పుడచ్చటనే యున్నది. కాని ఆ ప్రాంతమునకు పేరు తెచ్చినవి కార్యాలయములు గావు, శ్రీరాంపురము బొగ్గుగనులు. సింగరేణి సంస్థవారి గనులలో పని మూడు షిఫ్టులుగా సాగును. ఒకనాడు వేకువనే గనికి పోవువాడు మఱియొక వారమున రాత్రియంతయు గనిలో నుండును. అట్టివానికి ఉదయము పది గంటలకు గంట కొట్టి సాయంకాలము నాలుగు గంటలకు తలుపు మూయు కళాశాల యున్నను లేనట్లే. అతని భార్యకును, ఆ కాలనీలో చిన్న అంగడి పెట్టుకొన్నవానికిని, గోదావరికి ఆవల కరీంనగరు పల్లెలలో బీడీలు చుట్టు స్త్రీలకును కళాశాల అంతే దూరము. దూరము మైళ్లలో లేదు, గంటలలో నున్నది.

ఈ దూరమును తగ్గించు యత్నము మన దేశములో మొట్టమొదట జరిగినది తెలుగునాటనే యని మనము గర్వింపవచ్చును. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీ 1969లో స్థాపితమైనది. అటుపిమ్మట పదుమూడేండ్లకు, 1982 ఆగస్టు 26వ తేదీని, నాగార్జునసాగరమున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమయ్యెను. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో నదియే మొదటిది. దాని ప్రథమ ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డిగారు కరీంనగరు జిల్లాలో పుట్టినవారు. ఆయనయే 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి ఉపాధ్యక్షులైరి. ఇచ్చటి విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరుగారి పేరు పెట్టిరి. బడి మెట్టు ఎక్కనివారు సైతము ఒక అర్హతాపరీక్ష వ్రాసి పట్టభద్రులగుటకు ఆ సంస్థ త్రోవ చూపినది. అచ్చు పాఠములు తెలుగులో వచ్చెను. రేడియోలోను, దూరదర్శనములోను పాఠములు వినబడెను. ఊరూర కళాశాలలలో సెలవుదినములందు సంప్రదింపు తరగతులు జరిగెను. గనిలో పనిచేయువాడు ఆదివారమున విద్యార్థి యగుటకు వీలు కలిగెను.

సార్వత్రికమను మాటకు ఆనాటి యర్థము ప్రవేశద్వారమును తెఱచుట. అది సామాన్యమైన సంస్కారము గాదు. వయస్సు, పట్టా, పనివేళలు అను మూడు గడియలను అది యొక్కసారిగా తీసివేసినది. కాని ద్వారము తెఱచినను లోపలి గ్రంథము మూసియే యున్నది. చేరినవానికి పుస్తకము వచ్చును, చేరనివానికి రాదు. చేరినవాడును దానిని చదువవచ్చునేగాని మార్చుటకు, మఱియొక భాషలోనికి దింపుటకు, అచ్చువేసి పంచుటకు అధికారము లేదు.

గ్రంథమును గూడ తెఱచు ప్రయత్నము ఈ శతాబ్దారంభమున మొదలైనది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 2001లో తమ పాఠములనన్నిటిని అంతర్జాలమున ఉచితముగా నుంతుమని ప్రకటించిరి. 2002లో యునెస్కోవారు పారిసునందు జరిపిన సమావేశములో ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అను పేరు పుట్టినది. మనము దానిని సార్వత్రిక విద్యావనరులని చెప్పుకొందము. ఆ సంవత్సరాంతముననే క్రియేటివ్ కామన్స్ అను సంస్థవారు అనుమతి పత్రముల నమూనాలను వెలువరించిరి. రచయిత తన హక్కును పూర్తిగా వదలుకొనకయే, ఏ ఉపయోగమునకు అనుమతించునో ముందుగనే లోకమునకు తెలియజేయుటకు అవి సాధనములు. మన దేశములో ఐఐటీలును, బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర పాఠముల వీడియోలు సిద్ధము చేసినవి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారి ‘ఈజ్ఞానకోశము’ అచ్చు పాఠములను అంతర్జాలమున నుంచినది. 2017 జూలై 9వ తేదీని కేంద్రప్రభుత్వమువారు ‘స్వయం’ అను వేదికను ప్రారంభించిరి. 2021నాటి నిబంధనల ప్రకారము విశ్వవిద్యాలయములు ఒక కోర్సులోని పాఠ్యవిషయములలో నూటికి 40 వఱకు ‘స్వయం’ ద్వారా చదివినవానిని అంగీకరింపవచ్చును. తుదకు 2019 నవంబరులో యునెస్కో మహాసభ ఈ వనరులను గూర్చి సభ్యరాజ్యములన్నిటికి ఒక సిఫారసు చేసినది.

ఇచ్చట చదువరులు ఒక భేదమును గమనింపవలెను. ఉచితమైనదంతయు సార్వత్రికము కాదు. అంగడి అద్దమున కావలి బొమ్మను చూచుటకు రుసుము లేదు. అంతమాత్రమున ఆ బొమ్మ మనది కాదు. ఒక పాఠము నిజముగా సార్వత్రికమగుటకు అయిదు స్వేచ్ఛలు కావలెనని ఈ విషయమున పనిచేసినవారు చెప్పుదురు: దగ్గఱ ఉంచుకొను స్వేచ్ఛ, వాడుకొను స్వేచ్ఛ, సవరించు స్వేచ్ఛ, మఱియొకదానితో కలుపు స్వేచ్ఛ, పదిమందికి పంచు స్వేచ్ఛ. మన చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, అటుపిమ్మట 60 సంవత్సరములును గ్రంథహక్కు నిలుచును. అనుమతి మాట వ్రాయక అంతర్జాలమున నుంచిన పాఠము చూడనగునేగాని తెలుగు చేసి ప్రకటింపనగదు. కాబట్టి పాఠము క్రింద వ్రాసిన రెండు వరుసల అనుమతివాక్యము, పాఠమంత ముఖ్యమైనది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఇట్లు తెఱచుట దానమా, ఋణము తీర్చుటయా?

ఋణమనియే మా అభిప్రాయము. కారణములు రెండు. ఏ ఆచార్యుడును తన విద్యను తానే సృష్టించుకొనలేదు. భాస్కరుడును, న్యూటనును, పేరు తెలియని వేయిమంది గురువులును కూడబెట్టిన సొమ్ముపై అతడు వ్యాపారము చేయుచున్నాడు. తాను చేర్చినది కొంత, పొందినది కొండంత. ఇది మొదటి కారణము. రెండవది ఇంకను స్పష్టమైనది. మన విశ్వవిద్యాలయములు ప్రజల పన్నులతో నిలుచుచున్నవి. పట్నపు కళాశాలలో వెలుగు దీపమునకు విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చుచున్నది? గోదావరి తీరపు గనులలో భూమి కడుపున దిగి బొగ్గు తీయువాని చెమటలో కొంత ఆ దీపమున మండుచున్నది. ఆ దీపము క్రింద వ్రాసిన పాఠమును అతని యింటికి పంపునపుడు ‘దయతో ఇచ్చుచున్నాము’ అనుట న్యాయమా? అతని సొమ్ముతో చేయించిన వస్తువును అతనికి అప్పగించుచున్నారు, అంతియే.

దీనికి కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. రచయిత శ్రమ మాటేమి? రేయింబవళ్లు కష్టపడి గ్రంథము వ్రాసినవాడు దానిని ఊరికే వదలుకొనవలెనా? ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ గాదు. తెలుగు రచయితలు గ్రంథములు వ్రాసి అప్పులపాలైన చరిత్ర మనకు క్రొత్తది కాదు. మేము చెప్పునది ప్రజాధనముతో జీతము పుచ్చుకొని, విశ్వవిద్యాలయపు పనిగా వ్రాసిన పాఠములను గూర్చియే. సొంత కష్టముతో వ్రాసినవాని గ్రంథము అతని సొత్తు. ఇచ్చుటయు మానుటయు అతని యిష్టము. జీతము ముట్టిన శ్రమకు మఱల తాళము వేయుట మాత్రము ఒకే సరకును రెండు మాఱు లమ్ముట. అదియునుగాక అనుమతి పత్రము రచయిత పేరును తుడిచివేయదు. ఎవరు వాడుకొనినను మూలకర్త పేరు చెప్పవలెననుట వానిలో సామాన్యమైన నియమము. ధనమునకు తాళము తీసినను కీర్తికి తాళము తీయలేదు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. ఉచితముగా దొరకినదానికి విలువ యుండదు. చులకనగా వచ్చినది చులకనగా పోవును. ఈ మాటకు లెక్కలు కూడ సాక్ష్యము చెప్పుచున్నవి. హార్వర్డు, మసాచుసెట్స్ విద్యాలయములు అంతర్జాలమున నడపిన ఉచిత తరగతులను పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన వ్యాసమున, 2017–18లో చేరినవారందఱిలో తుదివఱకు నిలిచినవారు నూటికి ముగ్గురికంటె కొంచెమే ఎక్కువయని తేలినది. రుసుము చెల్లించి ధ్రువపత్రమును కోరినవారిలో మాత్రము దాదాపు సగముమంది పూర్తిచేసిరి. పైగా చేరినవారిలో అధికభాగము సంపన్నదేశములవారే.

ఈ లెక్కను చూచి ‘చూచితిరా, రుసుము పెట్టినచో చదువుదురు’ అని సంతోషించువారు తొందరపడుచున్నారు. రుసుము వలన శ్రద్ధ వచ్చినదా, శ్రద్ధయున్నవారే రుసుము కట్టిరా? ఊరక తొంగిచూచి పోవువాడును, పట్టుదలతో వచ్చినవాడును ఒకే పట్టికలో నున్నారు. గ్రంథాలయములో పుస్తకమును తిరుగవేసి మఱల బల్లపై పెట్టినవారినందఱిని లెక్కించి గ్రంథాలయము విఫలమైనదని చెప్పుదుమా? అయినను లెక్క చెప్పు సత్యము ఒకటి కలదు. దానిని మేము దాచము. పాఠము ఒంటరిగా నిలువదు. తలుపు తెఱచుట చాలదు. తెఱచిన తలుపులోనుండి తేలికగా నడచిపోయినవారు ముందే నడక నేర్చినవారు. నడక రానివారు గుమ్మముకడనే ఆగిపోయిరి.

అందుచేతనే ఋణమను మాట అవసరమైనది. దానము చేసినవాడు ‘ఇచ్చితిని, తరువాత నీ భాగ్యము’ అని లేచిపోవచ్చును. ఋణస్థుడు అట్లు పోరాదు. ఋణము ఋణదాత చేతికి చేరువఱకు తీరదు. శ్రీరాంపురము క్వార్టరులో రాత్రి డ్యూటీ దిగి వచ్చినవానికి పాఠము అర్థమై ఉపయోగపడినదాక విశ్వవిద్యాలయము ఋణము తీర్చినట్లు గాదు. ఎచ్చటనో యొక యంత్రములో వేయి వీడియోలుంచి, ‘ఉన్నవి, చూచుకొనుడు’ అనుట బాకీ తీర్చినట్లు కాదు. బాకీ తీర్చుదునని చీటి వ్రాసినట్లు.

ఇచ్చట ఒక అపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. పాఠములు ఉచితముగా దొరకుచున్నవి గదా, ఇక గురువేల, సంప్రదింపు తరగతులేల, అధ్యయన కేంద్రమునకు ఖర్చేల అను తర్కము మెల్లగా తల యెత్తుచున్నది. ఖర్చు తగ్గింపదలచిన ఏ యధికారికైనను ఈ తర్కము తీయగా వినబడును. కాని దీని ఫలితమేమి? సంపన్నుల బిడ్డలకు గురువులు, గ్రంథములు, స్నేహితులు, ప్రయోగశాలలు. పేదల బిడ్డలకు ఒక అంతర్జాలపు చిరునామా. సార్వత్రికమను గొప్ప మాట ఈ భేదమును కప్పు దుప్పటి యగుటకంటె ఆ మాట పుట్టకుండుటయే మేలు. 2020లో కోవిడు వలన బడులు మూతపడినప్పుడు మనము దీనిని కన్నులార చూచితిమి. తెలంగాణములో ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి ద్వారమునను, టీశాట్ ద్వారమునను బడిపిల్లలకు పాఠములు ప్రసారమయ్యెను. అది మంచి పని. ఆ కష్టకాలమున వేఱు త్రోవ లేదు. అయినను బడి తెఱచిననాడు తలిదండ్రులు ఊపిరి పీల్చుకొనిరి. పాఠము ఇంటికి వచ్చినను, పాఠము చెప్పినవాడు ‘అర్థమైనదా?’ అని అడుగుటయు, అర్థము కానిది మొగము చూచి గ్రహించుటయు ఇంటికి రాలేదు.

కావున ఉచిత వనరుల వలన మిగిలిన ధనమును గురువునుండి తీసివేయక గురువునకే చేర్చవలెనని మేమందుము. పాఠము చెప్పు పని యంత్రము కొంత పంచుకొనినచో, సందేహము తీర్చు పనికి గురువునకు తీరిక దొరకును. సెలవుదినమున కేంద్రమునకు వచ్చిన ఇరువదిమందికి అదే ఉపన్యాసమును మఱల చదివి వినిపింపనక్కరలేదు. వారు ముందే విని రావచ్చును; గురువు వారి చిక్కులను విప్పవచ్చును. షిఫ్టు మారుటచే రాలేకపోయినవాడు ఆ చర్చను ధ్వనిముద్రణగా తరువాత వినవచ్చును. సాధనము గురువు చేతి క్రింద నుండవలెను. గురువు స్థానమున నుండరాదు.

ఇక భాష. ఋణము చెల్లింపవలసినది ఋణదాత యింట చెల్లు నాణెములోనే గదా. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనప్పుడు దేశభాషలో ఉన్నత విద్య నేర్పుటకు ఉర్దూను బోధనాభాషగా చేసికొని, గ్రంథములను అనువదించుటకు ప్రత్యేకముగా ఒక శాఖనే నెలకొల్పినది. ఆంగ్లము లేనిదే శాస్త్రము లేదనుకొను కాలములో అది సాహసము. కాని హైదరాబాదు సంస్థానములో అత్యధికసంఖ్యాకులు తెలుగువారు. వారి భాషకు అందు స్థానము లేదు. ఒకరికి తెఱచిన తలుపు వేఱొకరికి గోడయైనది. హైదరాబాదునందు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించినవారును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి మూలమున శాస్త్రచరిత్రములను తెలుగులో ప్రకటించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘమువారును ఆ గోడకు కిటికీలు పెట్టుటకు పూనుకొనినవారే. వారు తెచ్చినది ధనము గాదు. మన భాషలో వ్రాసి, పంచి, చదివించు పట్టుదల.

ఆదిలాబాదు అడవులలో జరిగినది ఇంకను నేర్పదగిన కథ. మానవశాస్త్రజ్ఞుడైన హైమెండార్ఫుగారు 1943లో మార్లవాయి గ్రామమున గోండుల విద్యాపథకమును ప్రారంభించిరి. గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, గోండీ భాషలో వాచకములు సిద్ధపఱచిరి. బయటి వాచకమును తెచ్చి ‘ఉచితముగా నిచ్చుచున్నాము, చదువుకొనుడు’ అని చెప్పుట సులభము. అట్లు చేయక, ఆ పిల్లలు ఇంట మాటలాడు మాటతో అక్షరము మొదలుపెట్టిరి. సవరించు స్వేచ్ఛ యనగా నిదియే. ఈ కాలపు శాస్త్రజ్ఞులు అయిదు స్వేచ్ఛలని పేరు పెట్టుటకు ఎన్నియో దశాబ్దములకు ముందే మన ఉత్తర తెలంగాణపు అడవిలో దాని ప్రయోజనము రుజువైనది.

నేటి ఉచిత పాఠములలో అత్యధికభాగము ఆంగ్లమున నున్నవి. ఐఐటీవారి పాఠములు కొన్నిటి వ్రాతప్రతులు తెలుగులోనికి వచ్చినవి. సాంకేతిక విద్యామండలివారు ఇంజనీరింగు గ్రంథములను దేశభాషలలోనికి తెప్పించుచున్నారు. యంత్రానువాదము రోజురోజుకు మెఱుగగుచున్నది. సంతోషము. కాని యంత్రము చేసిన తెలుగు కొన్ని సమయములందు తెలుగు లిపిలోని ఆంగ్లముగా నుండును. మాట తెలిసినను భావము తెలియదు. శాస్త్రపాఠములో ఒక పదము తప్పినచో అర్థము తలక్రిందులగును. దానిని చూచి దిద్దువా డొకడు కావలెను. దిద్దుటకు చట్టపు అనుమతి కావలెను. అప్పుడు భూగర్భశాస్త్ర పాఠములో ఎచ్చటిదో తెలియని గని బొమ్మకు బదులు శ్రీరాంపురపు బొగ్గుపొర బొమ్మ వేయవచ్చును. అర్థశాస్త్ర పాఠములో న్యూయార్కు వ్యాపారమునకు బదులు మంచిర్యాల సంతను ఉదాహరింపవచ్చును. అప్పుడే విద్యార్థి ‘ఇది నా శాస్త్రము’ అనును. అదివఱకు అది వినికిడి మాత్రమే.

ఇంతవఱకు ప్రభుత్వమును, విశ్వవిద్యాలయమును గూర్చి చెప్పితిమి. ఋణస్థులు వారొక్కరే యనుకొనుట మనకు హాయిగా నుండును. కాని ఈ పత్రికను చదువు గృహస్థులకును ఇందు భాగము కలదు. ఒక యింటిని ఊహింతము. యజమాని గనిలో బదిలీ కార్మికుడుగా చేరి, క్రమముగా స్థిరపడినవాడు. ఇంటర్మీడియెటుతో చదువాగిన కోడలు సార్వత్రిక విశ్వవిద్యాలయములో బి.ఏ.కు చేరినది. పాఠము అంతర్జాలములో నున్నది. అంతర్జాలము సెల్ ఫోనులో నున్నది. సెల్ ఫోను ఎవరి జేబులో నున్నది? భర్త డ్యూటీకి పోయినచో ఫోను గూడ పోవును. ఆయన ఇంటనున్నచో ఆమె వంటయింట నుండును. రాత్రి పదిగంటలకు అందఱు పరుండిన తరువాత ఆమె ఫోను తీసినచో, ‘ఈ వేళ ఫోనుతో ఏమి పని?’ అని అత్తగారి ప్రశ్న. ‘పాఠము వినుచున్నాను అత్తమ్మా’ అని చెప్పినను నమ్మకము కొంచెమే.

ఇందు అత్తగారిని దూషించి లాభము లేదు. ఆమె కాలమున చదువనగా పుస్తకము, ఫోననగా కాలక్షేపము. కాని తత్త్వము విచారించినచో ఒక సత్యము తేలును. విశ్వవిద్యాలయము తాళము తీసినను, అమెరికావారు తాళము తీసినను, చట్టము తాళము తీసినను, ఇంటి తాళము ఇంటివారి చేతిలో నున్నది. గృహములో ఒక స్త్రీకి రోజున కొక గంట, ఒక మూల, ఒక ఫోను, ‘ఆమె చదువుకొనుచున్నది, పిలువకుడు’ అను ఒక మాట దొరకినగాని, ప్రపంచపు సార్వత్రిక వనరులన్నియు ఆమెకు మూసియున్నవే. మనము సభలలో స్త్రీవిద్యను పొగడి, ఇంట ఆ గంట ఇయ్యనిచో, మనము సైతము బాకీదారులమే. ఆ గంట ఇచ్చుటను ఔదార్యమని చెప్పుకొనరాదు. ఇన్నాళ్లు ఆమె గంటలను మనము వాడుకొంటిమి. అందులో ఒకటి తిరిగి ఇచ్చుచున్నాము.

మఱియొక మాట. ఋణమని మేము చెప్పినదానిని విని విద్యార్థి ‘నాకు రావలసినది నాకు వచ్చినది, ఇక నాకు బాధ్యత లేదు’ అనుకొనరాదు. దానము పుచ్చుకొనినవానికి కృతజ్ఞత ఒక్కటే విధి. వారసత్వముగా వచ్చిన ఋణపు సొమ్ము చేతికందినవాడు తానును ఆ వారసత్వములో చేరినవాడగును. తరువాతివారికి తాను ఋణస్థుడు. ఉచిత పాఠమును చదివినవాడు అందులో తప్పు కనబడినచో వ్రాసి పంపవలెను. ఒక కఠిన భాగమును అర్థము చేసికొనినవాడు దానిని రెండు పుటల తెలుగులో వ్రాసి, అనుమతివాక్యము చేర్చి, లోకమున నుంచవలెను. ఇరువదిమంది విద్యార్థులు ఏడాదికి పది పుటల చొప్పున వ్రాసినచో రెండువందల పుటలగును. గురువు దిద్దినచో అది గ్రంథమగును. పరీక్ష వ్రాసి పాత కాగితములకు అమ్మివేయు అసైన్మెంటులకంటె ఇది గౌరవమైన పని. అట్లు పుచ్చుకొనువాని చేయియు, ఇచ్చువాని చేయియు ఒకే మట్టమున నుండును. సార్వత్రిక విద్యకు నైతికమైన అర్థము మాకు తోచినంతలో నిదియే: పై చేయి, క్రింది చేయి అను భేదము పోవుట.

కావున మా కోరికలు కొన్ని మాత్రమే. ప్రజాధనముతో తయారైన ప్రతి పాఠమునందును, ఎవరైనను వాడి, మార్చి, పంచుకొనవచ్చునను వాక్యము స్పష్టముగా అచ్చుపడవలెను. పాఠములు అంతర్జాలము నిలుకడగా లేనిచోట సైతము చదువుటకు వీలుగా, ఒక్కసారి దింపుకొని ఉంచుకొనునట్లు, చిన్న పరిమాణములో నుండవలెను. సంప్రదింపు తరగతులను తగ్గింపక, షిఫ్టుల ననుసరించి వేళలు మార్చవలెను. కాలనీలలోని గ్రంథాలయములలో విద్యార్థులకు ఒక బల్లయు, అంతర్జాలపు వసతియు, వారమున కొకనాడు సందేహము తీర్చువాడొకడును ఉండవలెను. ఇందేదియు గొప్ప ధనవ్యయమును కోరునది గాదు. కోరునది దృష్టి, ఇచ్చుచున్నామను దృష్టి పోయి, తీర్చుచున్నామను దృష్టి వచ్చుట.

భూమిలో బొగ్గు తరుగును. తీసినకొలది గని లోతగును, ఒకనాడు మూతపడును. ఆ సంగతి గనికార్మికుని కుటుంబమునకంటె బాగుగా తెలిసినవారు లేరు. తండ్రి ఉద్యోగము కొడుకునకు వచ్చునను ఆశపై ఎన్ని తరములు నిలువగలవు? వానికి తరుగని గని యొకటి చూపవలసిన బాధ్యత ఆ బొగ్గు వెలుగులో చదువుకొనిన మనయందఱిది. విద్య పంచినకొలది పెరుగునని మనము చిన్ననాటినుండి వల్లించితిమి. అది నిజమైనచో, పంచుటకు వెనుదీయువానికి చెప్పుకొనదగిన సాకు ఒక్కటియు మిగులదు.